వైరస్ తొడుక్కున్నది మన చక్కెరే

"కరోనా ముల్లు మీద చక్కెర ఉంటుందటగా, మనం చక్కెర మానేస్తే అది చచ్చిపోతుందా?" అని మా బాబాయి అడిగారు. చావదు. ఇది కాఫీలో వేసుకునే పంచదార కాదు, కణం లోపల కట్టే చక్కెర గొలుసు. కషాయాల చిట్కాలు నమ్మి జనం ఎంత అవస్థపడ్డారో చూశాం కాబట్టి ముందే చెప్పేస్తున్నా. కానీ ఆయన ప్రశ్న చాలా మంచిది.

వైరస్‌కి సొంత కుట్టుమిషన్ లేదు. 1273 అమైనో ఆమ్లాలు పూసల్లా గుచ్చిన స్పైక్ ప్రోటీన్ (ఆ ముల్లు ఇదే) మన కణంలోనే తయారవుతూ ప్రోటీన్లు ముస్తాబయ్యే గదిలాంటి ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్‌లోకి జారుతుంటే, అక్కడ ఒక ఎంజైమ్ కాచుకుని ఉంటుంది, దర్జీ అనుకోండి. ఆ దర్జీ చూసేది సుద్దగీత ఒక్కటే: ఆస్పరజీన్ అనే అమైనో ఆమ్లం, పక్కన ప్రోలీన్ తప్ప ఏదైనా ఒకటి, ఆ పక్కన సెరీన్ గానీ థ్రియోనీన్ గానీ. ఈ మూడూ వరసగా కనబడితే చాలు, 14 చక్కెరల కొమ్మను తెచ్చి ఆస్పరజీన్‌కి కుట్టేస్తాడు, గుడ్డ ఎవరిదని అడగడు. తర్వాత గాల్జీ అనే ఇంకో గదిలో కత్తిరింపులు, అతుకులు. ఒక్కో ప్రోటీన్ గొలుసులో ఇలాంటి గీతలు 22, మూడు గొలుసులు కలిస్తే ఒక ముల్లు, అంటే 66. పైన ఉన్నది మన ఇంటి చొక్కాయే కాబట్టి యాంటీబాడీకి కింద ఉన్న ప్రోటీన్ సులువుగా దొరకదు.

చొక్కా అంటే దాచడానికే అనుకున్నా చాలాకాలం. 2020లో అమెరికా శాస్త్రవేత్త రోమీ అమారో బృందం కంప్యూటర్‌లో ఈ ముల్లుని కదిలించి చూస్తే, 165, 234 స్థానాల్లోని చక్కెరలు గుంజల్లా నిలబడి, మన కణాన్ని పట్టుకునే భాగం పైకి లేచి ఉండేలా దన్నుగా ఉన్నాయి! ఆ రెండు గీతలూ చెరిపేస్తే పట్టు తగ్గింది.

గీత గీయడానికి ఒక్క అమైనో ఆమ్లం మారితే చాలు. 354వ స్థానం దగ్గర ఆస్పరజీన్, ఆర్జినిన్, లైసిన్ ఉండేవి, దర్జీ పట్టించుకునేవాడు కాదు. 2023లో వచ్చిన బీఏ.2.86 అనే కరోనా రకంలో లైసిన్ పోయి థ్రియోనీన్ వచ్చింది, అంతే, అక్కడ కొత్త చక్కెర మొలిచింది.

మన హైదరాబాద్‌లో బయలాజికల్ ఈ కంపెనీ తయారుచేసిన కరోనా టీకా కార్బెవాక్స్‌లో ఇదే లెక్క తిరగేశారు. దానిలోని స్పైక్ ప్రోటీన్ ముక్క ఈస్టులో పెరుగుతుంది. ఈస్టు దర్జీకి చెయ్యి ఆగదు, గీత కనబడితే మానోజ్ చక్కెరలు మోపులకొద్దీ కుట్టేస్తాడు. అందుకని ఆ ముక్కని రూపొందించినవాళ్ళు 331వ స్థానంలోని ఆస్పరజీన్‌నే తీసేశారు.