కారు హీటర్ వేడి గాలి ఇవ్వకపోతే: అపోహలు - వాస్తవాలు

నల్గొండ ప్రాంతంలో కారు హీటర్‌తో పని పడేది డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లోనే కాబట్టి, దాని గురించి యజమానులకే కాదు, మా మెకానిక్ వృత్తిలో ఉన్న చాలామందికి కూడా సరైన అవగాహన లేదు. విమానాశ్రయానికి చీకటితోనే బయలుదేరినవారు నార్కట్‌పల్లి దాటాక చలికి హీటర్ నాబ్ తిప్పి, చల్లగాలే వస్తోందని గమనించి, తీరిక దొరికినప్పుడు షెడ్డుకు వస్తారు. అప్పటికే ఎవరో ఒకరు వారికి ఏదో ఒక మాట చెప్పి ఉంటారు. అలా తరచుగా వినిపించే మాటలను ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: వేడి గాలి రావడం లేదంటే హీటర్ కోర్ పోయినట్టే, మార్చాల్సిందే.

వాస్తవం: హీటర్ కోర్ అంటే డ్యాష్‌బోర్డు వెనుక ఉండే చిన్న రేడియేటర్. ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, ఇంజన్‌లో వేడెక్కి ఒక హోస్ పైపు గుండా అందులోకి వచ్చి, మరో పైపు గుండా తిరిగి వెళ్తుంటే, బ్లోయర్ ఆ వేడిని గాలితో పాటు క్యాబిన్‌లోకి పంపుతుంది. ఈ దారిలో ఎక్కడ ఆటంకం వచ్చినా గాలి చల్లగానే ఉంటుంది. ఆటంకం కోర్‌లోనే ఉండాలన్న నియమం లేదు. కనుక ముందు ఇంజన్ పూర్తిగా చల్లారాక రేడియేటర్‌లో కూలెంట్ మట్టం చూడాలి, ఎందుకంటే కూలెంట్ తగ్గినప్పుడు చాలా కార్లలో మొదట దెబ్బతినేది హీటరే. మట్టం సరిగా ఉంటే, ఇంజన్‌ను మామూలు వేడికి రానిచ్చి, నాబ్‌ను పూర్తి వేడి వైపు తిప్పి, క్యాబిన్‌లోకి వెళ్లే ఆ రెండు హోస్ పైపులను ఫ్యాను, బెల్టులకు దూరంగా జాగ్రత్తగా తాకి చూడాలి. రెండూ సమానంగా కాలుతుంటే కోర్ గుండా కూలెంట్ పారుతున్నట్టే. లోపం వేడి గాలిని, చల్లగాలిని కలిపే తలుపులోనో, దాన్ని తిప్పే కేబుల్‌లోనో, మోటార్‌లోనో ఉంటుంది. ఒకటి కాలుతూ మరొకటి గోరువెచ్చగా ఉంటే కోర్ పూడుకుపోయి ఉండవచ్చు, కూలెంట్ దారిలో గాలి చిక్కుకుని ఉండవచ్చు, కోర్‌లోకి కూలెంట్‌ను వదిలే హీటర్ వాల్వ్ ఉన్న కార్లలో అది తెరుచుకోకపోయి ఉండవచ్చు. రెండూ చల్లగా ఉంటే, ఇంజన్ వేడెక్కాక తెరుచుకుని కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే థర్మోస్టాట్ వాల్వ్‌ను, కూలెంట్‌ను తిప్పే వాటర్ పంపును చూడాలి. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు. ఇది చేయకుండా డ్యాష్‌బోర్డు విప్పుతానన్న మెకానిక్‌కు బండి అప్పగించకపోవడం మంచిది.

అపోహ: మన ఎండలకు థర్మోస్టాట్ వాల్వ్ తీసేస్తే ఇంజన్ చల్లగా, పదిలంగా ఉంటుంది.

వాస్తవం: చాలా ఇంజన్లలో ఈ వాల్వ్ సుమారు 82 నుంచి 90 డిగ్రీల మధ్య తెరుచుకునేలా తయారవుతుంది. అది లేకపోతే చలికాలపు ఉదయాన హైవేపై ఎంత దూరం వెళ్లినా ఇంజన్ తగిన వేడికి చేరదు, హీటర్ పనిచేయదు, ఇంధనం కూడా ఎక్కువగా ఖర్చవుతుంది. బండి వేడెక్కుతోందంటే కారణం వెతకాలి కానీ, వాల్వ్ పీకేయడం వైద్యం కాదు.

అపోహ: కూలెంట్‌కు డబ్బులెందుకు, బోరు నీళ్లు చాలు.

వాస్తవం: మన జిల్లాలో ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ మాటే. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలుసు. కారుకు సంబంధించినంతవరకు శత్రువు మాత్రం ఆ నీటి కాఠిన్యం. నీళ్లు కాచే గిన్నె అడుగున పేరుకునే తెల్లటి పెచ్చు వంటిదే ఇంజన్ లోపలా పేరుకుంటుంది. రేడియేటర్ గొట్టాలు పెద్దవి కాబట్టి కొంతకాలం ఓర్చుకుంటాయి. హీటర్ కోర్ గొట్టాలు సన్ననివి, పైగా మన దగ్గర హీటర్ వాడేది తక్కువ కనుక అందులోని లోపం చాలాకాలం బయటపడదు. పూడుకుపోయిన కోర్‌ను ఎదురు దిశలో తక్కువ ఒత్తిడితో నీళ్లు పంపి కడిగితే మొదట తుప్పు రంగు బురద, తరువాత తెల్లటి పలుకులు వస్తాయి. కంప్రెసర్ గాలి గట్టిగా పెడితే మాత్రం కోర్ చిట్లే ప్రమాదం ఉంది.

అపోహ: లీకైతే రేడియేటర్‌లో పసుపు వేయండి, లేదా లీకు ఆపే పొడి పోయండి.

వాస్తవం: లారీ డ్రైవర్లు ఊరు చేరడానికి వాడిన ఉపాయం అది. లీకు దగ్గర పట్టుకునే పదార్థం సన్నని గొట్టాల్లోనూ పట్టుకుంటుంది. ఆ తరువాత పోయేది హీటరే.

అపోహ: ముందు సీటు కింద తడి ఏసీ నీళ్లే.

వాస్తవం: వేసవిలో చాలాసార్లు అది నిజమే, డ్రెయిన్ పైపు మూసుకుపోతే నీళ్లు లోపలికే కారతాయి. తెల్ల గుడ్డతో అద్ది చూడండి. ఏసీ నీటికి రంగు, జిగట ఉండవు. రంగు అంటి, వేళ్ల మధ్య జారుతూ, తియ్యటి వాసన వస్తే అది కూలెంట్; అద్దం లోపలివైపు తుడిచినా పోని జిడ్డు పొర కూడా కోర్ లీకుకే సూచన. కూలెంట్‌లో సాధారణంగా ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం కాబట్టి పిల్లలను, పెంపుడు జంతువులను ఆ తడికి దూరంగా ఉంచాలి.

అపోహ: మే నెలలో ఏసీ చల్లబరచడం లేదంటే గ్యాస్ అయిపోయినట్టే.

వాస్తవం: గ్యాస్ సరిగానే ఉన్నప్పటికీ, వేడి, చల్లగాలులను కలిపే తలుపు వేడి వైపు ఇరుక్కున్నా, హీటర్ వాల్వ్ మూసుకోకపోయినా, చల్లబడిన గాలి మళ్లీ కోర్ మీదుగా వేడెక్కి వస్తుంది. హీటర్ హోస్‌ను తగిన క్లాంపుతో కాసేపు నొక్కి ఉంచినప్పుడు గాలి చల్లబడితే దోషం ఎక్కడుందో తేలిపోతుంది. ముదిరిన పైపును నొక్కితే పగులుతుంది, కాబట్టి ముందు దాన్ని పరీక్షించాలి.

అపోహ: కోర్ లీకైతే రెండు పైపులు కలిపేస్తే సరి, మార్చడం దండగ.

వాస్తవం: చాలా కార్లలో అలా కలిపినా ఇంజన్‌కు ఇబ్బంది ఉండదు, తాత్కాలికంగా నేనూ అలా చేసి పంపుతాను. అయితే వానాకాలంలో దేవరకొండ, డిండి మీదుగా శ్రీశైలం ఘాట్ ఎక్కేవారికి, అద్దంపై ఆవిరిని పోగొట్టడానికి ఏసీతో పాటు వేడి గాలి కూడా కావలసి వస్తుంది. మార్చే పనిలో సామాను ధర కంటే కూలి ఎక్కువగా ఉండటానికి కారణం, అనేక మోడళ్లలో డ్యాష్‌బోర్డు మొత్తం దించాల్సి రావడమే; కొన్నింటిలో ఏసీ గ్యాస్ కూడా యంత్రంతో తీసి మళ్లీ నింపాలి. ఎయిర్‌బ్యాగులు ఉన్న బండిలో బ్యాటరీ నెగటివ్ తీసి, కంపెనీ మాన్యువల్ చెప్పినంతసేపు ఆగకుండా స్టీరింగ్ వైపు చేయి పెట్టకూడదు. కొత్త కోర్‌తో పాటు ఓ-రింగులు (పైపు అతుకుల దగ్గర లీకు ఆపే రబ్బరు రింగులు), క్లిప్పులు కూడా కొత్తవే వేయించాలి. పాత కూలెంట్ పూర్తిగా కడిగి, కంపెనీ సూచించిన రకాన్ని, నీళ్లు కలపాల్సినదైతే డిస్టిల్డ్ వాటర్‌తో కంపెనీ చెప్పిన పాళ్లలో కలిపి పోసి, బండి ముందు భాగం ఎత్తులో ఉంచి, హీటర్ పూర్తి వేడిపై పెట్టి, బుడగలు ఆగేవరకు గాలి తీయాలి. మరునాడు ఉదయం, ఇంజన్ స్టార్ట్ చేయకముందే మట్టం మళ్లీ చూసి, తగ్గి ఉంటే నింపాలి.