వర్గం గురించి వాళ్లు నిజంగా ఏమన్నారు? అపోహలు – వాస్తవాలు

కోనసీమలోని ఒక డిగ్రీ కళాశాలలో ఇరవై రెండేళ్లుగా రాజనీతిశాస్త్రం చెబుతున్నాను. ఏటా కొత్తగా చేరిన పిల్లలతో ఒక పని చేయిస్తాను. నల్లబల్ల మీద ‘వర్గం’ అని రాసి, ఆ మాట చూడగానే ఏది గుర్తొస్తే అది చీటీ మీద రాసివ్వమంటాను. ఎక్కువ చీటీల్లో ఏదో ఒక కులం పేరే ఉంటుంది. అందులో పిల్లల తప్పేమీ లేదు. కులం అనడానికి మొహమాటపడి పత్రికలు ‘సామాజిక వర్గం’ అంటాయి. ఒకే పార్టీలో ఇద్దరు నాయకులకు పడకపోతే ‘వర్గపోరు’ అంటాయి. వెనుకబడిన కులాల జాబితాను ప్రభుత్వం ‘వెనుకబడిన తరగతులు’ అంటుంది. ఇన్ని అర్థాలు మోస్తున్న మాటతో జర్మన్ ఆలోచనాపరులైన మార్క్స్‌నో వెబర్‌నో చదవడం మొదలుపెడితే తడబాటు తప్పదు. ఆ తడబాటులోంచి పుట్టి, తరగతి గదిలోనూ టీ కొట్టు దగ్గరా నాకు మళ్లీ మళ్లీ ఎదురయ్యే అపోహలను ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఎంత సంపాదిస్తే ఆ వర్గం.

అన్నిటికంటే గట్టిగా పాతుకుపోయినది ఇదే కాబట్టి దీని దగ్గర కాసేపు ఆగుతాను. ఒక ఏడాది రెండో వరుసలో కూర్చునే కుర్రాడు లేచి, “మాస్టారూ, మా నాన్నది ఏ వర్గం?” అని అడిగాడు. బల్ల దగ్గరికి పిలిచి సుద్దముక్క చేతికిచ్చాను. ఒక్కొక్కటీ చెబుతూ రాశాడు. సొంత భూమి అంటే ఇల్లున్న కాస్త స్థలమే. కౌలుకు చేసేది మూడెకరాలు. ఊడ్పులకు, కోతలకు కూలీలను పెడతారు. దాళ్వాకు, అంటే రెండో పంటకు, శివారు చేలకు నీళ్లందని ఏడు నాన్న రొయ్యల చెరువుల దగ్గర కూలికి వెళతాడు, అమ్మ పక్కవాళ్ల చేలో కలుపు తీస్తుంది. పెట్టుబడికి అప్పు ఇచ్చేది ధాన్యం కొనే వ్యాపారే, పంట ఆయనకే తోలాలి. కౌలు బస్తాల లెక్కన ముందే మాట్లాడుకుంటారు. గాలివానకు చేను పడిపోయినా ఆ మాట మారదు.

బల్ల నిండింది. ఆ తండ్రి కూలి ఇస్తున్నాడు, కూలి తీసుకుంటున్నాడు, కౌలు కొలుస్తున్నాడు, వడ్డీ కడుతున్నాడు. ఏడాదికి ఎంత వస్తుందని అడిగితే ఒక్క అంకె వస్తుంది. ఆ అంకెలో ఈ నాలుగు సంబంధాల్లో ఒక్కటీ కనబడదు. మార్క్స్ వర్గం అన్నది ఈ సంబంధాన్నే. ఎవరు ఎవరికి, దేనిమీద ఉన్న హక్కు వల్ల, ఎంత ఇచ్చుకుంటున్నారన్నదే ఆయన ప్రశ్న. లెనిన్ 1899లో రష్యాలో పెట్టుబడిదారీ విధానం ఎలా పెరిగిందో రాసినప్పుడు జిల్లా సంస్థలు సేకరించిన రైతు కుటుంబాల లెక్కలు తీసుకుని, ఎవరు కూలీలను పెట్టుకుంటున్నారు, ఎవరు తామే కూలికి పోతున్నారు అని విడదీసి చూపించాడు. ‘రైతు’ అనే ఒక్క మాట కింద ఎంతమంది వేర్వేరు మనుషులున్నారో ఆ లెక్కలు చెప్పాయి. మన దగ్గర ఆ మాట కింద భూమి కౌలుకిచ్చి హైదరాబాద్‌లో ఉంటున్న ఆసామీ ఉన్నాడు, ఆ కుర్రాడి తండ్రీ ఉన్నాడు. సాగుదారుకు హక్కు కార్డు ఇవ్వడానికి 2019లో తెచ్చిన చట్టం కూడా ఆ కార్డుకు యజమాని సంతకమే అడిగింది. ఆ సంతకం కోసం తిరిగిన వాళ్లకు వర్గం అంటే ఏమిటో నేను వివరించనక్కరలేదు.

అపోహ: వర్గాలను, వర్గ పోరాటాన్ని కనిపెట్టింది మార్క్స్.

ధవళేశ్వరం ఆనకట్ట పని పూర్తయిన 1852లోనే, మార్చి 5న, లండన్ నుంచి మార్క్స్ అమెరికాలో ఉన్న మిత్రుడు వైడెమయర్‌కు ఉత్తరం రాశాడు. వర్గాలున్నాయని గానీ వాటి మధ్య పోరాటం ఉందని గానీ కనిపెట్టిన ఘనత తనది కాదని, బూర్జువా, అంటే పెట్టుబడిదారుల పక్షపు, చరిత్రకారులూ ఆర్థికవేత్తలూ తనకంటే ఎంతో ముందే ఆ సంగతి చెప్పారని అందులో స్పష్టంగా ఒప్పుకున్నాడు. నిజమే. కౌలు మీద, కూలి మీద, లాభం మీద బతికే మూడు శ్రేణుల గురించి ఆడం స్మిత్ 1776లోనే రాశాడు. ధనికులు, పేదలు, మధ్యస్థులు అని పౌరులను విడదీసి, మధ్యస్థులు బలంగా ఉన్న రాజ్యమే నిలబడుతుందని అరిస్టాటిల్ అంతకు రెండు వేల ఏళ్ల ముందే వాదించాడు. మార్క్స్ తనవిగా చెప్పుకున్నవి మూడు: వర్గాలు ఉత్పత్తి ఎదిగివచ్చిన ఒక్కో దశకు ముడిపడి ఉంటాయి, పోరాటం శ్రామికవర్గ నియంతృత్వానికి దారితీస్తుంది, అది వర్గాలే లేని సమాజానికి వంతెన మాత్రమే. ఈ మూడింటితో విభేదించవచ్చు. విభేదించేవారికి కూడా నేను మార్కులు వేస్తాను. ఆయన అనని మాటను ఆయనకు అంటగట్టి విమర్శించే జవాబుకు మాత్రం వేయను.

అపోహ: మార్క్స్‌కు రైతులంటే చులకన.

అదే 1852లో అచ్చయిన రచనలో ఫ్రాన్స్ చిన్న రైతులను ఆయన బస్తాలోని బంగాళాదుంపలతో పోల్చాడు. ఆ ఒక్క పోలికే అందరికీ గుర్తుంటుంది, చుట్టూ ఉన్న వాదన గుర్తుండదు. వాళ్ల బతుకు తీరు ఒకటే, కష్టం ఒకటే కాబట్టి వాళ్లొక వర్గం. కానీ ఎవరి కమతంలో వారు విడివిడిగా ఉండి ఒకరితో ఒకరికి రాకపోకలూ సంఘమూ లేవు కాబట్టి తమ మాట తాము చెప్పుకోలేరు, ఇంకెవరో వాళ్ల తరఫున మాట్లాడతారు అన్నాడు. అది ఈసడింపు అని నేననుకోను, రోగ నిర్ధారణ అనుకుంటాను. 2011 సార్వాలో, అంటే మొదటి పంట కాలంలో, కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు ఊళ్లు ఊళ్లే నాట్లు మానేశాయి. విడివిడి కమతాలవాళ్లు ఒక్క మాట మీద నిలబడగలరని అప్పుడు కళ్లారా చూశాం. ఆ ఏడు నాట్లు లేక ఊడ్పు కూలి పోయిన ఆడవాళ్ల మాట ఎవరు చెప్పారన్నది నేను క్లాసులో తప్పకుండా అడిగే ప్రశ్న.

చివరి రోజుల్లో మార్క్స్ ఇంకా ముందుకు వెళ్లాడు. రష్యా విప్లవకారిణి వేరా జాసూలిచ్ అడిగిన ప్రశ్నకు 1881 మార్చిలో జవాబిస్తూ, రష్యా పల్లెల్లోని ఉమ్మడి భూమి వ్యవస్థే అక్కడి సమాజ పునరుజ్జీవనానికి ఆధారం కాగలదని రాశాడు. అన్ని దేశాలూ పశ్చిమ ఐరోపా నడిచిన దారినే నడవాలని ఆయన పట్టుబట్టాడన్న మాట ఈ ఉత్తరం ముందు నిలవదు.

అపోహ: అంబేద్కర్‌ది కులం, మార్క్స్‌ది వర్గం, ఒకరికి రెండోవారితో పనిలేదు.

ఇది నన్ను బాధపెట్టే అపోహ, ఎందుకంటే దీన్ని రెండు వైపులవారూ కావాలని పెంచారు. ఊడ్పుల రోజుల్లో కాలువగట్టు మీదుగా కళాశాలకు వెళుతుంటాను. ఒకే చేలో, ఒకే కూలికి, పొద్దుటి నుంచి నడుం వంచి నాట్లు వేసిన రెండు ముఠాలు మధ్యాహ్నం క్యారేజీలు విప్పే వేళకు రెండు గట్లు ఎక్కుతాయి. దళితుల పేట నుంచి వచ్చినవాళ్లు ఒక గట్టు, మిగతావాళ్లు ఇంకో గట్టు. నీళ్ల బిందెలు రెండు. ఎవరూ ఎవరినీ వెళ్లగొట్టినట్టు కనిపించదు, ఎవరి కాళ్లు వాళ్లను అటు తీసుకుపోతాయి.

కులం శ్రమ విభజన మాత్రమే కాదు, శ్రామికుల విభజన కూడా అని అంబేద్కర్ 1936లో రాశాడు. ఆ రెండు గట్లను చూశాక ఆ వాక్యాన్ని విడమరచి చెప్పాల్సిన పని ఉండదు. ఆయన వర్గాన్ని కొట్టిపారేయలేదు. ఒకే కూలి తీసుకునేవాళ్లు ఒకే గట్టు మీద కూర్చోనప్పుడు కూలి పెంచమని కలిసి ఎలా అడుగుతారని సామ్యవాదులను నిలదీశాడు. అదే ఏడాది ఆయన స్థాపించిన పార్టీ పేరు స్వతంత్ర కార్మిక పార్టీ. 1938 నవంబరులో బొంబాయిలో కార్మిక వివాదాల బిల్లుకు వ్యతిరేకంగా జరిగిన సమ్మెలో కమ్యూనిస్టులతో కలిసి నడిచాడు. 1942 నుంచి 1946 వరకు వైస్రాయ్ మండలిలో కార్మిక శాఖ చూశాడు. ఇవన్నీ కులం మాత్రమే పట్టించుకున్న మనిషి పనులు కావు.

మార్క్స్ ఇక్కడ పొరబడ్డాడని చెప్పడానికి నాకు సంకోచం లేదు. రైళ్ల వెంట వచ్చే ఆధునిక పరిశ్రమ కులాలకు ఆధారమైన వంశపారంపర్య వృత్తి విభజనను కరిగిస్తుందని 1853లో రాశాడు. డెల్టాకు కాలువలు వచ్చాయి, రైలు వచ్చింది, మిల్లులు, వంతెనలు, చెరువులు, విదేశీ ఉద్యోగాలు వచ్చాయి. వృత్తులు చాలావరకు మారాయి. గట్లు మాత్రం రెండుగానే ఉన్నాయి.

అపోహ: వెబర్ మార్క్స్‌ను ఖండించడానికే రాశాడు.

పెట్టుబడిదారీ విధానం ఎదుగుదలలో మతం పాత్ర గురించి రాసిన ప్రొటెస్టెంట్ నీతి వ్యాసాల చివర వెబర్, ఒక ఏకపక్ష భౌతికవాద వివరణను తీసేసి దాని చోట మరో ఏకపక్ష ఆధ్యాత్మిక వివరణ పెట్టడం తన ఉద్దేశం కాదని తానే చెప్పాడు. ఆయన చేర్చింది పరువు అనే కొలత. మార్కెట్‌లో మనిషికున్న అవకాశం వర్గం, సమాజం ఇచ్చే గౌరవం హోదా, అధికారం కోసం కూడే గుంపు పార్టీ. మూడూ ఒకే చోట ఉండనక్కరలేదు. భూమి అమ్ముకున్నా ఊరి పెద్దరికం పోని ఇంటిని, చెరువుల్లో బాగా సంపాదించినా గుడి పెత్తనంలో చోటు దొరకని ఇంటిని చూసినవారికి ఇది సులువుగానే అర్థమవుతుంది.

అపోహ: మతం మత్తుమందు అని మార్క్స్ తిట్టాడు.

దానికి ముందున్న వాక్యం చదవండి. మతం అణగారిన జీవి నిట్టూర్పు, హృదయం లేని లోకానికి హృదయం అని ఉంటుంది.

అపోహ: కడుపు మాడితేనే మార్పు వస్తుంది.

ఫ్రాన్స్ రచయిత టోక్‌విల్ 1856లో ఫ్రెంచి విప్లవం గురించి రాస్తూ దీన్ని తిరగేశాడు. విప్లవం అతి హీనంగా బతుకుతున్నచోట పుట్టలేదని, భారం కొంత తగ్గినచోట మిగిలిన భారం భరించరానిదిగా తోచిందని, చెడ్డ ప్రభుత్వానికి అతి ప్రమాదకరమైన ఘడియ అది తనను తాను సరిదిద్దుకోవడం మొదలుపెట్టిన ఘడియేనని అన్నాడు. ఆనకట్ట నీళ్లు పారిన మూడు దశాబ్దాల తరువాత, 1881 డిసెంబరులో, రాజమండ్రిలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించాడు. నీళ్లే సంస్కరణ తెచ్చాయనను. తిండికి కటకటలాడిన కాలం దాటి, బడీ పత్రికా నిలదొక్కుకున్న చోటే ఆ ప్రశ్న అంత గట్టిగా వినిపించిందన్నది మాత్రం ఆలోచించాల్సిన సంగతి.

అపోహ: గ్రాంసీ చెప్పిన ఆధిపత్యం అంటే బలప్రయోగం.

ఇటలీ ఫాసిస్టులు 1926లో అక్కడి కమ్యూనిస్టు నాయకుడు గ్రాంసీని జైల్లో పెట్టారు. 1929 నుంచి 1935 దాకా నోటు పుస్తకాల్లో ఆయన వెతికింది దానికి భిన్నమైన విషయాన్ని: లాఠీ లేని చోట కూడా జనం ఎందుకు ఒప్పుకుంటారు? ఇంతకుముందు చెప్పిన కుర్రాడు బల్ల దగ్గర అన్నీ రాశాక చివర ఒక మాట అన్నాడు. “మా ఆసామి చాలా మంచివారు మాస్టారూ. తుపాను ఏడు కళ్లంలో ఒక బస్తా తగ్గించుకున్నారు.” ఆయన నిజంగా మంచివాడే కావచ్చు, ఆ మంచితనాన్ని నేను తక్కువ చేయను. ఒక బస్తా తగ్గిందన్న కృతజ్ఞతలో మిగిలిన బస్తాలు ఎందుకు కొలుస్తున్నామన్న ప్రశ్న ఆ ఇంట్లో తలెత్తలేదు. గ్రాంసీ పట్టుకోవాలని చూసింది ఆ తలెత్తని ప్రశ్ననే.

అపోహ: వర్గానికి మార్క్స్ చక్కటి నిర్వచనం ఇచ్చి వెళ్లాడు.

పరీక్షల్లో నిర్వచనం రాయమని అడుగుతాం కాబట్టి పిల్లలు ఇలా అనుకోవడం సహజం. ఆయన 1883లో పోయాడు. ఆయన ప్రధాన గ్రంథం ‘పెట్టుబడి’ మూడో సంపుటాన్ని మిత్రుడు ఎంగెల్స్ 1894లో అచ్చు వేయించాడు. దాని చివరి అధ్యాయం, యాభై రెండోది, పేరు ‘వర్గాలు’. నిడివి ఒకటి రెండు పేజీలు. వర్గాన్ని వర్గంగా చేసేది ఏది అని అక్కడ తనను తానే ప్రశ్నించుకున్నాడు. ఆదాయం వచ్చే మార్గం ఒకటే కావడమా? అలాగైతే వైద్యులొక వర్గం, ఉద్యోగులొక వర్గం అవుతారు, భూస్వాములు కూడా లెక్కలేనన్ని ముక్కలవుతారు అంటూ ఆ ముక్కల జాబితా మొదలుపెట్టాడు: ద్రాక్షతోటల యజమానులు, సాగు భూముల యజమానులు, అడవుల యజమానులు, గనుల యజమానులు, చేపలు పట్టే జలాల యజమానులు. చేతిరాత అక్కడ ఆగిపోయింది.