గుడిమల్లంలో వంద మీటర్ల చిక్కు ఎక్కడ మొదలైంది

గుడిమల్లం గుడి పక్కన ఇళ్లు కట్టుకోనివ్వడం లేదన్న గొడవ రేగినప్పుడల్లా లింగం ఏ శతాబ్దం నాటిదన్న దగ్గరే కథ మొదలుపెడతారు. అది తెలిసిన సంగతే, ఇంటివాళ్లకు దానితో పనీ లేదు. వాళ్ల చిక్కు 2010లో పడింది.

గుడిమల్లం గుడిలాంటి కేంద్ర రక్షిత కట్టడాల చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ (కట్టకూడని) ప్రాంతం, ఆపైన 200 మీటర్లు నియంత్రిత (అనుమతితోనే కట్టాల్సిన) ప్రాంతం అని 1992 జూన్ 16నే నోటిఫికేషన్ ఇచ్చారు. అయినా నిపుణుల సలహా సంఘం సిఫారసుతో కేంద్ర పురావస్తు శాఖ నిషిద్ధ ప్రాంతంలోనూ అనుమతులిస్తూ వచ్చింది. ఆ అధికారం చట్టంలో లేదని 2009 అక్టోబరులో ఢిల్లీ హైకోర్టు తేల్చింది. మరుసటి మార్చిలో సవరణ చట్టం వచ్చింది. సంఘం సిఫారసుపై అప్పటికే ఇచ్చిన అనుమతులు చెల్లుతాయి, ఇకపై ప్రజోపయోగ పనికైనా అనుమతి లేదు. కోర్టుకెక్కిన తగువు ఢిల్లీలో ఒక నిర్మాణ సంస్థది. గీత పడింది ఏర్పేడు మండలంలోని ఈ పల్లె మీద కూడా.

నిషిద్ధ ప్రాంతంలో ఇప్పుడు మిగిలింది మరమ్మతు, నవీకరణలే. అదీ ఇల్లు 1992 జూన్ 16కు ముందే ఉండాలి, లేదా తర్వాత శాఖ అనుమతితో కట్టిందై ఉండాలి. పాత ఇల్లని చూపడానికి గ్రామకంఠంలో (ఊరి ఇళ్ల స్థలంలో) పట్టాదారు పాసుపుస్తకం ఉండదు. పాత ఇంటిపన్ను రసీదులు, కరెంటు బిల్లులే దిక్కు. అవి చెదలు తినేసి ఉంటే దరఖాస్తు ముందుకు కదలడం కష్టం. అసలు దెబ్బ మట్టిగోడల ఇంటికి. గోడ కూలితే మళ్లీ లేపడాన్ని చట్టం పునర్నిర్మాణం అంటుంది, దానికి నియంత్రిత ప్రాంతంలోనే వీలుంది. పక్కా ఇల్లు మంజూరైందని పాతది పడగొట్టినవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు. కొలత కూడా గోపురం నుంచి కాదు, రక్షిత స్థలం హద్దు నుంచి. హద్దురాయి కనబడకపోతే ఆ తేడాకే ఇల్లు ఇటో అటో పడుతుంది. మురుగుకాలువ, తాగునీరు, కరెంటు పనులను మాత్రం చట్టం నిర్మాణంగా లెక్కించదు. ఈ ముక్క పంచాయతీల్లో చాలామందికి ఎవరూ చెప్పలేదు.

పునాది తవ్వితే పాత పొరలు చెదురుతాయని శాఖ అంటుంది. 1973-74 తవ్వకాల్లో ఇప్పటి గుడికి ముందున్న ఇటుక కట్టడం ఆనవాళ్లు దొరికాయి కాబట్టి అది వట్టి మాట కాదు.

గుడిమల్లం ఉన్న తిరుపతి జిల్లాలోనే ఉన్నా, తిరుమల కేంద్ర రక్షిత జాబితాలో లేదు. 2003లో వేయికాళ్ల మండపాన్ని పడగొట్టినప్పుడు ఈ 100 మీటర్లు అడ్డురాలేదు. 2018 మేలో అక్కడి ఆలయాల వివరాలడుగుతూ శాఖ రాసిన లేఖ, అభ్యంతరాలు రాగానే వెనక్కి పోయింది.

అదే ఏడాది జనవరిలో నిషేధం సడలించే బిల్లు లోక్‌సభ దాటి, ఆ తర్వాత రాజ్యసభ సెలెక్ట్ కమిటీకి (బిల్లును పరిశీలించే ఎంపీల సంఘానికి) వెళ్లింది. అందులో సడలింపు కేంద్ర ప్రభుత్వ పనులకే. ఇళ్ల ఊసు లేదు.