రెడ్ క్వీన్ చదువుతున్న పిల్లలకు, నల్లగొండ నుంచి తాత

పిల్లలూ,

ఈ మధ్య మీ అందరి చేతుల్లో తిరుగుతున్న ఆ ‘రెడ్ క్వీన్’ నేను కూడా చదివేశాను. "తాతా, అది నీకు ఎక్కదులే" అని మా మనవరాలు అన్నందుకే పట్టుబట్టి చదివాను. బాగుంది, ఇద్దరు రాకుమారుల మధ్య ఆ పిల్ల ఊగిసలాట మాత్రం కొంచెం తగ్గిస్తే ఇంకా బాగుండేది. మీకు అదే ఇష్టమని తెలుసు, నన్ను తిట్టుకోకండి.

ఇంకా చదవని వాళ్ల కోసం రెండు ముక్కలు చెప్తాను. విక్టోరియా ఎవయార్డ్ 2015లో రాసిన నవల ఇది. నోర్టా అనే రాజ్యంలో మనుషులు నెత్తురు రంగును బట్టి రెండు జాతులు. వెండి నెత్తురు వాళ్లకు శక్తులుంటాయి, ఒకడు నిప్పును ఆడిస్తాడు, ఒకడు ఇనుమును వంచుతాడు, రాణి అయితే ఎదుటివాళ్ల మనసులోకే దూరుతుంది. ఎర్ర నెత్తురు వాళ్లది చాకిరీ, లేదంటే ఎప్పటినుంచో నడుస్తున్న యుద్ధంలో చావు. పద్దెనిమిదేళ్లు నిండేసరికి చేతిలో పని లేకపోతే సిపాయిగా పట్టుకుపోతారు. మేర్ అనే పదిహేడేళ్ల ఎర్ర పిల్ల, జేబులు కొట్టి బతికేది, రాజభవనంలో పనికి చేరి అందరి ముందూ మెరుపులు కురిపిస్తుంది. ఎర్రవాళ్లకు కూడా శక్తి ఉంటుందని తెలిస్తే కొంప మునుగుతుంది కదా, అందుకని ఈమె మా వెండి పిల్లే, చిన్నప్పుడు తప్పిపోయింది అని రాజు, రాణి కట్టుకథ అల్లుతారు. చివర్లో ఎవరు ఎవర్ని ముంచుతారో చెప్పను, చెప్తే ఇంట్లో నాకు చాయ్ కూడా దొరకదు.

మీరు ఆ మెరుపుల గురించే మాట్లాడుకుంటున్నారు. నన్ను ఆపింది మాత్రం మొదట్లోనే వచ్చే ఒక సంగతి. వెండివాళ్లు బరిలోకి దిగి కొట్టుకుంటుంటే ఎర్రవాళ్లు పోయి కూర్చుని చూసి తీరాలి. గెలిచేది ఎవరైతే వాళ్లకేంటి? వీళ్లతో మనకు కాదు అనే భయం కళ్లతో చూసి ఇంటికి మోసుకుపోవాలి, అందుకే ఆ తమాషా. ఇది చదవగానే నాకు మన గడీలు, అంటే దొరల కోటల్లాంటి ఇళ్లు, గుర్తొచ్చాయి. నిజాం కాలంలో దొర గడి ముందు నుంచి పోయే మనిషి చెప్పులు విడిచి చేతిలో పట్టుకోవాలి, నెత్తిమీది రుమాలు తీయాలి, దొర కనబడితే వంగి "నీ బాంచన్ దొరా, కాల్మొక్త" అనాలి. దొర చేతిలో నిప్పు లేదు, మెరుపూ లేదు. ఉన్నది కాగితం. పన్ను వసూలు చేసే పని, భూముల లెక్కలు వాళ్ల చేతిలో ఉండేవి కనుక, దున్నుకునేవాళ్ల భూములు వాళ్ల పేర్లమీదకు ఎక్కాయి. సూర్యాపేట వైపు జన్నారెడ్డి ప్రతాపరెడ్డి అనే దేశ్‌ముఖ్‌కు, అలాంటి పెద్ద దొరను అలా పిలిచేవాళ్లు, లక్షన్నర ఎకరాలు ఉండేవని చరిత్ర పుస్తకాలు చెప్తాయి.

నవలలో గ్రే టౌన్ అని ఒకటి వస్తుంది, పొగలో మునిగిపోయిన ఊరు, అక్కడి ఎర్రవాళ్ల చాకిరీ మీదే రాజుగారి మేడల్లో దీపాలు వెలుగుతాయి. ఆ పేజీలు గబగబా తిప్పేసి ఉంటారు, మళ్లీ ఒకసారి చదవండి. మన దగ్గర దాని పేరు వెట్టి. కుమ్మరి కుండలు ఇవ్వాలి, చాకలి బట్టలు ఉతకాలి, గొల్లలు పండగకు గొర్రెల్ని తోలాలి, మాదిగలు చెప్పులు కుట్టాలి, మోటబొక్కెనలు కుట్టాలి. పైసా ఇవ్వరు. ఇంట్లో పసిపిల్ల ఏడుస్తున్నా సరే, దొర పొలం నాటు పూర్తయ్యాకే తమ పొలం. నెత్తురు అందరిదీ ఎరుపే అయినా ఇదంతా నడిచింది, నవల రాసినామె రంగు మార్చింది అంతే.

మరి ఎవరికీ మెరుపులు రాకుండానే మనవాళ్లు ఎలా తిరగబడ్డారు? సంఘం పెట్టుకున్నారు. ఆంధ్ర మహాసభను ఊళ్లలో జనం ‘సంఘం’ అనేవాళ్లు. చేతిలో గుత్పలు అంటే దుడ్డుకర్రలు, రాళ్లు విసిరే వడిసెలలు, ఆడవాళ్లయితే రోకళ్లు, కారం పొడి. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పండించిన పంటను ఎత్తుకుపోవడానికి విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు వస్తే, సంఘం వాళ్లు అడ్డంపడి ధాన్యం ఆమె ఇంటికే చేర్చారు. 1946 జులై 4న కడవెండిలో, అప్పుడది నల్లగొండ జిల్లాలోనే ఉండేది, ఊరేగింపు మీద దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరిపితే దొడ్డి కొమరయ్య చనిపోయాడు. భయపెట్టడానికి కాల్చారు, కానీ ఆ రోజు నుంచి ఊళ్లకు ఊళ్లు లేచాయి.

మీరు నన్ను అడిగిన ప్రశ్న ఒకటుంది, ఆ రాకుమారుడు కాల్ మంచివాడే కదా, మరి ఎర్రవాళ్ల వైపు ఎందుకు రాడు అని. మంచితనం వేరు, సింహాసనం వదులుకోవడం వేరు. వదులుకున్నవాళ్లూ ఉన్నారు. మల్లు స్వరాజ్యం 1931లో కరివిరాల కొత్తగూడెంలో, ఇప్పటి సూర్యాపేట జిల్లాలో, భూస్వాముల ఇంట్లోనే పుట్టారు. ఇంకా చిన్నపిల్లగా ఉన్నప్పుడే ఇంటి కట్టు దాటి కూలీలకు బియ్యం పంచారు, పదిహేను పదహారేళ్లకే ఈ పోరాటంలో సాయుధ దళాలతో తిరిగారు, నిజాం సర్కారు ఆమె తలకు 10 వేల రూపాయల వెల కట్టింది. తర్వాత తుంగతుర్తి నుంచి రెండుసార్లు ఎమ్మెల్యే అయ్యారు. 2022లో పోయారు, అంటే మీరు పుట్టాక కూడా ఉన్న మనిషి. ఆమె ఆత్మకథ తెలుగులోనే ఉంది, ‘నా మాటే తుపాకి తూటా’. కాల్ కోసం కన్నీళ్లు పెట్టుకున్న వాళ్లు అది తెచ్చుకుని చదవండి.

ఇక రాజు పడిపోతే కథ అయిపోతుందనుకుంటారు చూడండి, అక్కడ మన చరిత్ర ఏ నవలకూ తీసిపోదు. 1948 సెప్టెంబర్‌లో భారత సైన్యం వచ్చింది, నిజాం లొంగిపోయాడు. పోరాటంలో దొరల భూములు పంచుకున్న రైతులు ఇక మనదే అనుకున్నారు. పారిపోయిన దొరలు ఖద్దరు టోపీలు పెట్టుకుని సైన్యం వెనకాలే ఊళ్లకు తిరిగొచ్చారు! ఏ సైన్యం నిజాంను దించిందో అదే సైన్యంతో 1951 అక్టోబర్ దాకా కొట్లాడాల్సి వచ్చింది. నిజాం ఏమయ్యాడనుకుంటున్నారు, జైలుకు పోయాడా? 1950 జనవరి 26 నుంచి 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రానికి రాజప్రముఖ్‌గా, అంటే గవర్నర్ లాంటి పదవిలో, కూర్చున్నాడు. ఇంకోవైపు 1952 ఎన్నికల్లో నల్లగొండ జనం రావి నారాయణరెడ్డిని నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో పార్లమెంటుకు పంపారు. ఈ రెండూ ఒకే కాలంలో, ఒకే నేలమీద.

పాలమూరు వైపు నిజాం కింద చిన్న రాజుల సంస్థానాలు కూడా ఉండేవి, అవి వేరే కథ. వనపర్తి రాజావారి ప్యాలెస్‌లో ఇప్పుడు పాలిటెక్నిక్ నడుస్తోంది, గద్వాల కోటలో డిగ్రీ కాలేజీ ఉంది. దసరా సెలవుల్లో మీరొస్తే రెండూ చూసొద్దాం, మీలో ఎవరైనా నోర్టా మ్యాప్ గీయగలిగితే పక్కనే 1946 నాటి నల్లగొండ మ్యాప్ కూడా గీయండి, తాలూకాల పేర్లు నేను చెప్తాను.

రెండో పుస్తకం ‘గ్లాస్ సోర్డ్’ ఎవరి దగ్గరుంది? అది ముందు నాకు పంపండి, టెన్షన్ పడలేకపోతున్నాను.

మీ తాత