ఏళ్ల స్నేహం ఒక్క టర్నులో ఎందుకు చెడుతుంది? స్పేస్ స్ట్రాటజీ గేముల్లో ఏఐ దౌత్యం నేపథ్యం

స్పేస్ స్ట్రాటజీ గేములు ఆడేవాళ్ల ఫిర్యాదుల్లో బాగా పాతది ఇది: ఎన్నో టర్నులుగా వ్యాపారం నడుపుతున్న పొరుగు సామ్రాజ్యం ఉన్నట్టుండి యుద్ధం ప్రకటిస్తుంది, ఎందుకో మాత్రం చెప్పదు. దీని వెనక డిజైనర్ల మధ్య తెగని పేచీ ఒకటుంది. కంప్యూటర్ నడిపే గ్రహాంతర జాతి గెలవడానికి ఆడాలా, తన స్వభావం ప్రకారం నడుచుకోవాలా? రెండూ పొసగని ఘట్టం దాదాపు ప్రతి ఆటలోనూ వస్తుంది.

జాతికో ప్రత్యేక గుణం పెట్టే పద్ధతి బోర్డు గేముల్లో ముందే ఉంది. 1977లో వచ్చిన కాస్మిక్ ఎన్‌కౌంటర్‌లో 15 జాతులుండేవి. ఒక్కోటి ఆట నియమాల్లో ఏదో ఒకదాన్ని తలకిందులు చేస్తుంది. జాంబీ జాతి పావులు చావవు. పాసిఫిస్ట్ రాజీ కార్డు వేసినప్పుడు ఎదుటివాడు దాడి కార్డు వేస్తే పాసిఫిస్టే గెలుస్తాడు. బేరాలాడేది బల్ల చుట్టూ కూర్చున్న మనుషులే కాబట్టి ఆ జాతులు ఎలా ఆలోచించాలో ఎవరూ రాయనక్కర్లేకపోయింది. కంప్యూటర్‌లోకి వచ్చేసరికి ఆ పని కూడా డిజైనర్ మీద పడింది.

1993లో సిమ్‌టెక్స్ సంస్థ చేసిన మాస్టర్ ఆఫ్ ఓరియన్ ఆ పనిని పద్ధతిగా చేసింది. ఈ తరహా ఆటలకు ‘ఫోర్ ఎక్స్’ (అన్వేషణ, విస్తరణ, వనరుల వినియోగం, శత్రు నిర్మూలన అనే నాలుగు పనుల ఇంగ్లిష్ మాటల్లోని ‘ఎక్స్’) అన్న పేరు కూడా దీన్ని పరిచయం చేస్తూ అలన్ ఎమ్రిచ్ రాసిన వ్యాసంతోనే వచ్చింది. ఇందులో 10 జాతులు. సైలాన్లు పరిశోధనలో ముందుంటారు, సక్రాలు వేగంగా పెరుగుతారు. సిలికాయిడ్లు ఎంత ప్రతికూలమైన గ్రహం మీదైనా బతుకుతారు కానీ వాళ్ల జనాభా నెమ్మదిగా పెరుగుతుంది. దీనికి తోడు ప్రతి నాయకుడికీ ఒక స్వభావం, ఒక లక్ష్యం ఇచ్చారు. స్వభావాలు ఆరు: విదేశీ ద్వేషి, కర్కశుడు, దూకుడు మనిషి, చపలచిత్తుడు, మాట మీద నిలబడేవాడు, శాంతికాముకుడు. దౌత్యం, సైన్యం, విస్తరణ, సాంకేతికత, పరిశ్రమ, పర్యావరణం – లక్ష్యాలు కూడా ఆరే. మొత్తం 36 కలయికలు. చపలచిత్తుడితో సంధి చేసుకుంటే అది ఎప్పుడైనా తెగవచ్చని ప్లేయర్‌కు ముందే తెలుసు, అందుకే తెగినప్పుడు మోసపోయానని అనుకోడు. మూడింట రెండొంతుల ఓట్లతో గెలాక్సీ పాలకుణ్ని ఎన్నుకునే మండలి కూడా ఉండటంతో స్నేహాలకు లెక్క కట్టదగిన విలువ వచ్చింది. ఇంత తక్కువ సరుకుతో ఇంత స్పష్టత సాధించిన గేములు ఆ తర్వాత కూడా తక్కువే.

1996 నాటి మాస్టర్ ఆఫ్ ఓరియన్ రెండో భాగంలో ప్లేయరే 10 పాయింట్లతో జాతిని తయారు చేసుకోవచ్చు. లోపాలు ఎంచుకుంటే మరో 10 వరకు వెనక్కి వస్తాయి. ‘రిపల్సివ్’ అనే లోపం దౌత్యాన్ని దాదాపు మూసేసి 6 పాయింట్లు తిరిగిచ్చేది. దౌత్యం మీద ఆధారపడని ప్లేయర్లకు అది ఉచితంగా దొరికిన 6 పాయింట్లే. ఒక వ్యవస్థను పూర్తిగా వదులుకున్నా నష్టం అనిపించలేదంటే, ఆ వ్యవస్థ ఆటకు పెద్దగా ఏమీ ఇవ్వడం లేదనే అర్థం.

ఏం చేస్తే జాతికి మనసు ఉన్నట్టు అనిపిస్తుందో 1999లో ఆల్ఫా సెంటారి అనే గేమ్ చూపింది. ఇందులోని ఏడు వర్గాలూ మనుషులవే, అయినా మిగతా గేముల గ్రహాంతరవాసుల కన్నా వీళ్ల మధ్యే తేడా ఎక్కువ. ప్రతి నాయకుడికీ ఇష్టమైన విధానం ఒకటి, సహించలేని విధానం ఒకటి. మోర్గన్‌కు స్వేచ్ఛా విపణి కావాలి, డీర్‌డ్రాకు అదే గిట్టదు. మీరు విపణి విధానానికి మారిన రోజు నుంచి డీర్‌డ్రా మొహం మారుతుంది, ఎందుకో కూడా చెబుతుంది. కోపానికి కారణం సరిహద్దులో కాక మీ పాలనలో ఉండటమే దీని బలం. వర్గాల వివరాలు మామూలు టెక్స్ట్ ఫైళ్లలో ఉండటంతో అభిమానులు సొంత వర్గాలెన్నో చేసుకున్నారు.

పేచీ ముదిరింది సివిలైజేషన్ శ్రేణిలో. అది అంతరిక్షపు ఆట కాదు గానీ ఈ గేములన్నిటికీ పెద్దన్న. 2005లో వచ్చిన నాలుగో భాగం ‘మీరు మా శత్రువుతో వ్యాపారం చేశారు’ వంటి కారణాలను ప్లస్, మైనస్ అంకెలతో సహా చూపించేది. దాని డిజైనర్ సోరెన్ జాన్సన్ 2008లో గేమ్ డెవలపర్ల సదస్సులో ఇదే వివరించాడు: ప్లేయర్‌ను ఓడించడమే పనిగా పెట్టుకున్న ఏఐ వేరు, ఆటను రక్తికట్టించే ఏఐ వేరు. 2010 నాటి ఐదో భాగంలో మొదట ఆ అంకెలు దాచేశారు. గెలుపు దగ్గరపడిన ప్లేయర్ మీదికి మిత్రులే దండెత్తారు. తర్కం ప్రకారం అది సరైన ఎత్తే, కానీ కారణం కనబడక ఆడేవాళ్లకు పిచ్చి పట్టిన ఏఐలా తోచింది. తర్వాత విడుదల చేసిన సవరణల్లో (ప్యాచ్‌లలో) కారణాలను మళ్లీ బయటపెట్టారు.

ఈ శ్రేణిలో భారత్‌ను నడిపే గాంధీ ఉన్నట్టుండి అణుబాంబులకు దిగుతాడన్న కథ కూడా ఇక్కడిదే. మొదటి భాగంలో దూకుడు అంకె సున్నా కిందికి జారి, చుట్టు తిరిగి గరిష్ఠ విలువ 255 అయిందన్న బగ్ నిజం కాదని ఆ శ్రేణి సృష్టికర్త సిడ్ మేయరే 2020లో రాశాడు. ఐదో భాగంలో మాత్రం కావాలనే పెట్టారు: 10 వరకు ఉండే కొలత మీద గాంధీ అణ్వాయుధ మొగ్గు 12. యాదృచ్ఛికంగా 2 తగ్గినా 10 మిగులుతుంది.

2016 మే 9న విడుదలైన స్టెల్లారిస్ అనే స్పేస్ గేమ్ ఈ లెక్కలన్నిటినీ బహిరంగం చేసింది. ఇప్పుడు ప్రతి సామ్రాజ్యానికీ నైతిక విలువలకు 3 పాయింట్లు, అతివాదానికి వెళ్తే ఒకే విలువకు 2 ఖర్చు. ఆ విలువలను బట్టి ‘హానర్‌బౌండ్ వారియర్స్’, ‘ఫెడరేషన్ బిల్డర్స్’ వంటి వ్యక్తిత్వం కుదురుతుంది. గేమ్ ఫోల్డర్‌లో ‘పర్సనాలిటీస్’ ఫైల్ తెరిస్తే దూకుడు, ధైర్యం, వ్యాపారానికి సుముఖత, సైన్యం మీద ఖర్చు, సరిహద్దు ఘర్షణను ఎంత పట్టించుకోవాలి అన్నవి వరసగా అంకెల్లో కనిపిస్తాయి. ఏదైనా ఒప్పందం మీద మౌస్ పెడితే ఎందుకు ఒప్పుకోరో అక్కడ తెరుచుకునే చిన్న వివరణ పెట్టె (టూల్‌టిప్) కూడి చూపిస్తుంది. ఇబ్బంది ఎక్కడంటే, అంకెలు వేరైనా బతుకుతెరువు ఒకటే అయితే చాలా సామ్రాజ్యాలు ఒకేలా అనిపిస్తాయి. ఎండ్‌లెస్ స్పేస్ 2 ఈ వైపు నుంచే ముందుకెళ్లింది. క్రేవర్లు కూర్చున్న గ్రహాన్ని పీల్చి పిప్పి చేస్తారు కాబట్టి ఎప్పటికప్పుడు కొత్త గ్రహాలు కావాల్సిందే, వోద్యానీలు ఇతరుల జనాభా నుంచి సారం లాక్కుంటేనే ఎదుగుతారు. అలాంటి జాతి దూకుడుగా ఎందుకుందో వేరే అంకె పెట్టి చెప్పనక్కర్లేదు. జాతిని డిజైన్ చేసేటప్పుడు ముందు అది తినేదేమిటో, దాని దగ్గర ఎప్పటికీ తరగనిదేమిటో తేల్చుకోవాలి. బోనస్ శాతాలు ఆఖర్న రాసుకోవచ్చు.

తయారీలో దెబ్బతినే చోట్లు కొన్ని ఉన్నాయి. సంబంధాల స్కోరు −100 నుంచి +100 వరకు అనుకుంటే, యుద్ధానికీ శాంతికీ ఒకే గీత పెట్టకూడదు. −40 కింద యుద్ధం, −20 పైకొస్తేనే శాంతి, మారిన స్థితి కనీసం 10 టర్నులు నిలవాలి. ఈ ఎడం లేకపోతే ఒక్క పాయింటు అటూ ఇటూ ఊగినా సామ్రాజ్యం టర్ను టర్నుకూ మాట మారుస్తుంది. కానుకల మొత్తం ప్రభావానికి +30 దగ్గర అడ్డుకట్ట వేయాలి, లేదంటే స్నేహాన్ని కొనేస్తారు. కానుక టర్నుకో పాయింటు చొప్పున మరుపున పడినా, సంధి తప్పిన నేరం ఐదు టర్నులకో పాయింటు చొప్పునే కరగాలి. ‘శత్రువుకు మిత్రుడైనవాడు మనకూ శత్రువే’ అన్న లెక్కను గత టర్ను విలువలతోనే కట్టాలి. అప్పటికప్పుడు మారుతున్న విలువలు వాడితే జాబితాలో ముందున్న సామ్రాజ్యం కోపమే అందరికీ పాకుతుంది. ఒకరి దగ్గర కొన్న టెక్నాలజీని అదే టర్నులో మరో నలుగురికి అమ్ముకునే దారి వదిలేస్తే దౌత్యమంతా దళారీ వ్యాపారమవుతుంది.

ఇప్పుడు చర్చ మనుషుల్లా మాటలు రాసే లాంగ్వేజ్ మోడళ్ల (భాషా నమూనాల) వైపు మళ్లింది. 2022 నవంబరులో ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా ప్రకటించిన సిసెరో అనే ఏఐ, పొత్తులూ బేరాలతో సాగే ‘డిప్లొమసీ’ బోర్డు గేమ్‌ను ఆన్‌లైన్‌లో మనుషులతో 40 ఆటలు ఆడి, ఒకటికన్నా ఎక్కువ ఆటలాడినవాళ్లలో మొదటి 10 శాతంలో నిలిచింది. అందులో ఎత్తులు తేల్చింది విడిగా ఉన్న ప్లానింగ్ ఇంజిన్, ఆ ఎత్తులకు తగిన మాటలు రాయడమే భాషా నమూనా పని. అది చాలావరకు నిజాయితీగా ఆడుతుందని మెటా అంటే, మిత్రులను మోసగించిన ఉదాహరణలను 2024లో ఇతర పరిశోధకులు ఎత్తిచూపారు. స్పేస్ గేమ్‌లో ఇలాంటి మోడల్‌ను కూర్చోబెట్టేవాళ్లకు ఆ అమరికే ముఖ్యం. నిర్ణయం ఇంజిన్ చేయాలి, మోడల్ దాన్ని ఆ జాతి గొంతుతో చెప్పాలి, ఇచ్చిన ప్రతి మాటా గడువుతో, ఎవరికిచ్చిందన్న వివరంతో గేమ్ స్థితిలో నమోదు కావాలి. నమోదు కాని వాగ్దానం ఇంజిన్‌కు తెలియదు. చాట్‌లో ‘మీ సరిహద్దు దాటం’ అన్న జాతి నౌకలు మూడో టర్నుకే మీ కాలనీ మీద ఉంటాయి, పాత ఫిర్యాదే మళ్లీ మొదలవుతుంది.