కుర్చీ వద్దు పిల్లలూ, నాతో నడవండి

పిల్లలూ,

మొన్న దసరాకి వచ్చినప్పుడు మీరంతా కలిసి నన్ను కుర్చీలోంచి లేవనివ్వలేదు కదా, అమ్మమ్మా కదలకు మోకాళ్ళు ఇంకా అరిగిపోతాయి అని మంచినీళ్ళు కూడా చేతికే తెచ్చిచ్చారు, మీ ప్రేమకి కళ్ళు చెమర్చాయి గానీ ఆ మాట మాత్రం తప్పురా నాన్నా. ఎందుకు తప్పో చెప్దామనే ఈ ఉత్తరం.

కోడికాలు తినేటప్పుడు ఎముక చివర కొరికితే కరకరలాడే తెల్ల పొర ఉంటుంది చూడండి, అలాంటిదే మన మోకాల్లో రెండు ఎముకల చివర్లకీ ఉంటుంది. మనవైపు గుజ్జు అంటారు, డాక్టర్లు కార్టిలేజ్ అంటారు. దానికి రక్తనాళాలు ఉండవు. మరి తిండి ఎలా అంటే, కీలు లోపల గుడ్డు తెల్లసొన లాంటి జిగట ద్రవం ఉంటుంది, అడుగేసినప్పుడు ఆ పొర నొక్కుకుంటుంది, కాలు ఎత్తగానే స్పాంజిలా మళ్ళీ ఆ ద్రవాన్ని పీల్చుకుంటుంది. నడిస్తేనే దానికి అన్నం అన్నమాట. నన్ను రోజంతా కూర్చోబెడితే దాన్ని పస్తు పెట్టినట్టే. పైగా కూర్చునే కొద్దీ తొడ కండ సన్నబడిపోతుంది, మోకాలికి ఆసరా ఆ కండే.

నేనూ ఇది తెలియక మూడేళ్ళు పాడుచేసుకున్నా. నొప్పి వచ్చినప్పుడల్లా మెడికల్ షాపు నుంచి బిళ్ళలు తెప్పించుకుని మింగేదాన్ని, తర్వాత ఎవరో చెప్తే పేరు లేని పొట్లాల పొడి వాడాను, పది రోజుల్లో లేడిపిల్లలా నడిచాను, రెండు నెలలకి మొహం ఉబ్బింది, షుగర్ పెరిగింది. అందులో స్టెరాయిడ్ కలిపి ఉంటారు, ఒక్కసారిగా ఆపినా ప్రమాదమే అని డాక్టరమ్మ మెల్లగా మాన్పించింది. నొప్పి బిళ్ళలు కూడా ఏళ్ళ తరబడి వాడితే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. ఇప్పుడు మరీ నొప్పిగా ఉంటే డైక్లోఫెనాక్ జెల్ రాసుకుంటున్నా, పైపూత కాబట్టి ఒంట్లోకి వెళ్ళేది తక్కువ.

నన్ను నిజంగా నిలబెట్టింది మాత్రం ఎక్సర్‌సైజే. తువ్వాలు చుట్టి మోకాలి కింద పెట్టి, మోకాలితోనే దాన్ని గట్టిగా కిందకి నొక్కి 5 లెక్కపెట్టి వదలాలి, ఒక్కో కాలికి 10 సార్లు. మొదటి రెండు వారాలు ఏం తేడా లేదు, విసుగొచ్చింది కూడా, రెండో నెలలో ఎవరి చెయ్యీ పట్టుకోకుండా బస్సెక్కాను. ఇంకోటి బరువు. ఒంట్లో 1 కిలో తగ్గితే అడుగడుక్కీ మోకాలి మీద దాదాపు 4 కిలోల భారం తగ్గుతుందట, నేను 5 కిలోలు తగ్గాను, మీరే లెక్కేసుకోండి. బాసింపట్టు వేసుకుని కూర్చోవడం, గొంతుక్కూర్చోవడం మానేశా. నడిచాక కాస్త నొప్పి వచ్చి మర్నాటికి తగ్గిపోతే భయం లేదు, తగ్గకపోతే ఆ రోజు దూరం తగ్గించుకుంటా.

ఎక్స్‌రే చూసి కంగారు పడకండి, తాతయ్య ఎక్స్‌రే నాకంటే ఘోరంగా ఉంది, నొప్పి మాత్రం తక్కువ. ఇవన్నీ చేసినా రాత్రి నిద్ర పట్టనంత నొప్పి ఉంటే అప్పుడు మోకాలి కీలు మార్చే ఆపరేషన్. కృత్రిమ కీలు ధరకి 2017లోనే కేంద్రం పరిమితి పెట్టింది, బిల్లులో దాని ధర విడిగా అడిగి చూడండి.

మీ అమ్మ విషయం మర్చిపోకండి. పొద్దున్నే గంటసేపు వేళ్ళు పట్టేస్తున్నాయి, కణుపులు వాస్తున్నాయి అంది, అది నాలాంటి అరుగుదల కాకపోవచ్చు, నాకైతే పది నిమిషాల్లో సర్దుకుంటుంది. కీళ్ళవాతం, అదే డాక్టర్లు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనేది అయితే మందులు వేరే, తొందరగా మొదలుపెడితేనే వేళ్ళు వంకర పోకుండా ఉంటాయి. ఈ వారమే చూపించండి. ఎవరికైనా ఒక్క కీలు ఎర్రగా వాచి జ్వరం కూడా వస్తే మాత్రం ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాలి.

సంక్రాంతికి వచ్చినప్పుడు నాకు ఆ కుర్చీ వెయ్యకండి తల్లీ, పొద్దున్నే లేచి నాతో చెరువు గట్టు దాకా రండి.

మీ అమ్మమ్మ