కాన్పు కబురు తల్లిదా, బిడ్డదా?

అనంతపురం జిల్లా పల్లెల్లో ఎవరికైనా నెలలు నిండకముందే కాన్పయిందని తెలిస్తే, చూడవచ్చిన వాళ్ల ప్రశ్నలన్నీ తల్లి చుట్టూనే తిరుగుతాయి: నీళ్ల బిందె ఎత్తిందా, బొప్పాయి తిన్నదా, గతుకుల దారిలో ఆటో ఎక్కిందా అని. (పచ్చికాయ పాల సంగతి వేరు గానీ, బాగా మాగిన బొప్పాయి పండు మీద ఈ నేరం మోపడం అన్యాయం.) ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు అనే పాత నమ్మకం కూడా అక్కడక్కడా వినిపిస్తుంది, కడుపులో గడిచే ప్రతి వారమూ బిడ్డకు బలమే కాబట్టి ఆ లెక్క తలకిందులు. కారణమంతా తల్లిలోనే వెతికే ఈ అలవాటు ఊళ్లకే పరిమితం కాలేదు, వైద్యశాస్త్రమూ చాలాకాలం అదే దారిన నడిచింది.

37 వారాలు నిండకుండా పుట్టిన బిడ్డను నెలలు తక్కువ బిడ్డ అంటారు. 2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 1 కోటి 34 లక్షల మంది ఇలా పుట్టారని, అందులో 30 లక్షల వరకు భారతదేశంలోనేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కవలలు, రక్తపోటు, ఇన్‌ఫెక్షన్ వంటి కారణాలు కొన్ని కాన్పుల్లో తేలుతాయి. చాలా కాన్పుల్లో ఏదీ తేలదు.

1953లో బ్రిటిష్ శాస్త్రవేత్త పీటర్ మెడవర్ ఒక చిక్కుప్రశ్న వేశాడు. బిడ్డలో సగం తండ్రి పోలిక ఉంటుంది కదా, అంటే తల్లి ఒంటికి అది సగం పరాయి. వేరొకరి చర్మం అతికిస్తే తిప్పికొట్టే శరీరం తొమ్మిది నెలలు దాన్నెలా మోస్తుంది? ఆయన సూచించిన మూడు సమాధానాలు, తల్లీబిడ్డల మధ్య మాయ అడ్డుగోడగా ఉండటం, బిడ్డ లక్షణాలు ఇంకా పరిణతి చెందకపోవడం, తల్లి రోగనిరోధక శక్తి మందగించడం. ఆ తర్వాతి పరిశోధన ఎక్కువగా ఈ ప్రశ్న వెంటే సాగింది. అయితే తండ్రి నుంచి వచ్చిన సగం తల్లికి పరాయి అయినట్టే, తనకు సంక్రమించని తల్లి సగం బిడ్డకూ పరాయిదే. ఆ వైపు చూపు ఆలస్యంగా మళ్లింది, ఎందుకంటే కడుపులోని బిడ్డ రోగనిరోధక వ్యవస్థ నిద్రలో ఉంటుందని అందరూ అనుకున్నారు.

కాన్పు మొదలవడంలో బిడ్డకు పాత్ర ఉందన్న సంగతి మాత్రం అంతకుముందే గొర్రెల్లో తేలింది. న్యూజిలాండ్ వైద్యుడు గ్రాహం లిగ్గిన్స్, 1960లలో, గర్భంలోని గొర్రెపిల్ల మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిని దెబ్బతీస్తే గొర్రె ఈనడం ఆలస్యమవుతుందని, పిల్లకు స్టెరాయిడ్ ఇస్తే ముందే ఈనుతుందని చూపాడు. ముందుగా పుట్టిన ఆ పిల్లల ఊపిరితిత్తులు అనుకున్నదానికంటే బాగా పనిచేయడం గమనించి, రాస్ హోవీతో కలిసి 1972లో ప్రకటించిన చికిత్సే, నేడు నెలలు నిండకుండా నొప్పులొచ్చిన తల్లికి వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్లకు మూలం.

2008లో అమెరికా పరిశోధకులు తల్లి కణాలు మాయ దాటి బిడ్డ శోషరస గ్రంథుల్లోకి చేరుతాయని, వాటిపై దాడి జరగకుండా అదుపు చేసే టి కణాలను (రోగనిరోధక వ్యవస్థకు చెందిన ఒక రకం తెల్ల రక్తకణాలను) బిడ్డే తయారుచేసుకుంటుందని చూపారు. 2017లో వచ్చిన మరో అధ్యయనం 13వ వారానికే రోగనిరోధక వ్యవస్థకు కాపలాదార్లలాంటి బిడ్డ డెండ్రిటిక్ కణాలు పరాయిదాన్ని గుర్తించగలవని, అయినా ఎదురుదాడిని అణచే వైపే మొగ్గుతాయని తేల్చింది. అంటే అది నిద్ర కాదు, మెలకువలోనే పాటించే సహనం.

ఆ సహనం చెదిరితే ఏమవుతుందో 2018లో శాన్‌ఫ్రాన్సిస్కోలో వైద్యురాలు టిప్పి మెకంజీ బృందం పరిశీలించింది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల బొడ్డుతాడు రక్తంలో, తల్లి కణాలను పరాయివిగా ఎంచి స్పందించే టి కణాలు కనిపించాయి. తల్లుల రక్తంలో అలాంటి కదలిక కనిపించలేదు. ఆ టి కణాలు వదిలే ఇంటర్‌ఫెరాన్ గామా, టీఎన్ఎఫ్ ఆల్ఫా అనే పదార్థాలు ప్రయోగశాలలో గర్భాశయ కండర కణాలను సంకోచింపజేశాయి. ఆ సంకోచమే తల్లికి తెలిసే నొప్పి.

ఇందులో జాగ్రత్తగా చదవవలసిన చోటొకటి ఉంది. బొడ్డుతాడు రక్తం కాన్పయ్యాకే దొరుకుతుంది గనుక, ఈ మేల్కొలుపు నొప్పులకు ముందే వచ్చిందా, వాటితోపాటు వచ్చిందా అన్నది ఆ రక్తం ఒక్కదానితో తేలదు. బిడ్డ సహనాన్ని చెదరగొట్టేది ఇన్‌ఫెక్షన్, వాపు కావచ్చన్నది పరిశోధకుల అనుమానం. పైకి ఏ లక్షణమూ చూపకుండా ఉండగల అలాంటి ఒక ఇన్‌ఫెక్షన్‌ను గర్భిణి మూత్ర పరీక్షతో పట్టుకోవచ్చు.